అణు విద్యుత్ కేంద్రానికి ఎంత ఇంధనం కావాలి: కాగితం మీద మీరే లెక్కగట్టే పద్ధతి

అణు విద్యుత్తు గురించి తెలుగులో వచ్చే వ్యాసాల్లో ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది. ఇంత యురేనియం ఇన్ని టన్నుల బొగ్గుకు సమానమని అందులో రాస్తారు. ఒక వ్యాసంలో ఒక గ్రాము మూడు టన్నులకు సమానమంటారు, మరోచోట ఐదు టన్నులంటారు, ఇంకోచోట కిలోకు లెక్క చెప్పి అది ఏ రకం యురేనియమో చెప్పకుండా వదిలేస్తారు. వీటిలో చాలా అంకెలు వాటి చోట సరైనవే. అయితే ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు, ఆ ప్రశ్న ఏమిటో మాత్రం వ్యాసంలో ఉండదు. అందువల్ల పాఠకుడికి అంకె గుర్తుంటుంది గానీ విషయం బోధపడదు.

ఈ లెక్క ఎవరైనా స్వయంగా కట్టవచ్చు. ఒక కాగితం, ఒక కాలిక్యులేటర్, పదో తరగతి స్థాయి భౌతికశాస్త్రం ఉంటే చాలు. కింద చెప్పే పద్ధతి బడిలో పాఠం చెప్పే ఉపాధ్యాయులకు, పోటీ పరీక్షలకు చదువుకునేవారికి, వార్తను నిలబెట్టి ప్రశ్నించాలనుకునే పాఠకులకు ఉపయోగపడాలన్నది నా ఉద్దేశం. ఉదాహరణకు 220 మెగావాట్ల భారజల రియాక్టరును తీసుకుంటున్నాను (భారజలమంటే మామూలు హైడ్రోజన్ బదులు బరువైన హైడ్రోజన్ ఉన్న నీరు). మన దేశంలో సంఖ్యాపరంగా ఎక్కువగా ఉన్నవి ఈ రకం రియాక్టర్లే, వాటికి కావలసిన ఇంధనం తయారయ్యే ప్రధాన కర్మాగారం హైదరాబాదులో ఉంది, ఆ ఇంధనానికి కావలసిన ఖనిజంలో కొంత కడప జిల్లా నేలలోంచి వస్తుంది. కాబట్టి తెలుగువారికి ఇది దూరపు సంగతి కాదు.

ముందుగా "శుద్ధి" అన్న మాటను విడదీయండి

లెక్క మొదలుపెట్టే ముందు ఒక మాట దగ్గర ఆగాలి. తుమ్మలపల్లెలో యురేనియం శుద్ధి కర్మాగారం ఉందని పత్రికలు రాస్తాయి. ఇరాన్ యురేనియం శుద్ధి చేస్తోందని కూడా అవే పత్రికలు రాస్తాయి. రెండు చోట్లా మాట ఒక్కటే అయినా పని ఒక్కటి కాదు, ఈ తికమక వల్ల కడప జిల్లాలో బాంబు సరుకు తయారవుతోందేమోనన్న అనుమానం చదువుకున్నవారిలోనూ కలగడం నేను చూశాను.

ప్రకృతిలో దొరికే యురేనియంలో ప్రధానంగా రెండు ఐసోటోపులు ఉంటాయి. వెయ్యి గ్రాముల యురేనియం తీసుకుంటే అందులో సుమారు 7.1 గ్రాములు యురేనియం-235, దాదాపు మిగిలినదంతా యురేనియం-238. నెమ్మదిగా కదిలే న్యూట్రాను తగిలినప్పుడు సులువుగా రెండుగా చీలిపోయేది 235 మాత్రమే. తుమ్మలపల్లెలో జరిగే శుద్ధి అంటే రాయిలోంచి యురేనియాన్ని రసాయనాలతో వేరుచేయడం. ఆ పనిలో 235కూ 238కూ మధ్య ఉన్న నిష్పత్తి వెంట్రుకవాసి కూడా మారదు. రెండో రకం పనిలో యురేనియాన్ని వాయురూపంలోకి మార్చి, సెంట్రిఫ్యూజుల్లో తిప్పి, 235 పాలును పెంచుతారు. దీనిని ఈ వ్యాసంలో సాంద్రీకరణ అంటాను. వార్తలో "శుద్ధి" అన్న మాట కనబడగానే దాని పక్కన శాతం ఉందేమో చూడండి. 4 శాతమనో 60 శాతమనో ఉంటే అది సాంద్రీకరణ గురించిన వార్త. శాతం లేకుండా రాయి, గని, కర్మాగారం అన్న మాటలుంటే అది మొదటి రకం పని.

మన భారజల రియాక్టర్లకు సాంద్రీకరణ అక్కర్లేదు. న్యూట్రాన్లను నెమ్మదింపజేయడానికి మామూలు నీరు వాడితే అది వాటిలో కొన్నింటిని మింగేస్తుంది కాబట్టి అందులో సహజ యురేనియంతో గొలుసు చర్య, అంటే ఒక చీలికలో వెలువడిన న్యూట్రాన్లు మరిన్ని కేంద్రకాలను చీల్చుకుంటూ పోవడం, నిలబడదు. భారజలం చాలా తక్కువ మింగుతుంది, అందుకే వెయ్యికి ఏడు పాళ్ల 235తోనే రియాక్టరు నడుస్తుంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో మణుగూరు దగ్గర గోదావరి నీటి ఆధారంగా నడిచే భారజల కర్మాగారం ఎందుకుందని అడిగేవారికి ఇదే జవాబు.

ఒక గ్రాము నుంచి మొదలుపెట్టండి

యురేనియం-235 కేంద్రకం ఒకటి చీలితే సుమారు 200 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వెలువడుతుంది. దీనిని జౌళ్లలోకి మారిస్తే 3.2 × 10⁻¹¹ వస్తుంది. ఇది ఎంత చిన్నదంటే దానితో ఏ పనీ జరగదు. కానీ ఒక గ్రాములో ఉన్న పరమాణువులను లెక్కించండి. అవొగాడ్రో సంఖ్య 6.022 × 10²³ను 235తో భాగిస్తే 2.56 × 10²¹ వస్తుంది. రెండింటినీ హెచ్చవేస్తే 8.2 × 10¹⁰ జౌళ్లు. ఒక మెగావాటు చొప్పున ఒక రోజంతా వేడి ఇస్తే అది 8.64 × 10¹⁰ జౌళ్లు అవుతుంది. కాబట్టి ఒక గ్రాము యురేనియం-235 పూర్తిగా చీలితే 0.95 మెగావాట్-రోజుల వేడి వస్తుందని తేలింది.

ఈ "మెగావాట్-రోజు" అన్న కొలతను అలవాటు చేసుకోండి. అణు ఇంధనం లెక్కలన్నీ దీనిలోనే నడుస్తాయి. గ్రాముకు దాదాపు ఒక మెగావాట్-రోజు అన్న ఒక్క సంబంధం గుర్తుంటే మిగిలిన లెక్కలో సగం నోటితోనే కట్టవచ్చు.

బొగ్గుతో పోలిక కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. మన థర్మల్ కేంద్రాల్లో వాడే బొగ్గు కిలోకు సుమారు 4,000 కిలో కేలరీలు, అంటే 16.7 మెగాజౌళ్ల వేడి ఇస్తుందనుకుంటే, గ్రాము యురేనియం-235కు దాదాపు 5 టన్నుల బొగ్గు సరిపోలుతుంది. విదేశాల్లో వాడే మేలురకం బొగ్గుతో పోలిస్తే మూడు టన్నులకు దగ్గరగా వస్తుంది. వ్యాసాల్లో కనిపించే మూడుకూ ఐదుకూ తేడా బొగ్గు నాణ్యతలోనే ఉంది. అయితే ఈ పోలికను నేరుగా రియాక్టరుకు వర్తింపజేయకూడదు. రియాక్టరులోకి వెళ్లేది వట్టి 235 కాదు, వెళ్లిన 235 అంతా చీలదు కూడా.

రాయి నుంచి బండిల్ దాకా ఒకసారి వెంట నడవండి

లెక్కలో వాడే బరువు ఏ దశలోని బరువో తెలియకపోతే అంకెలు తప్పుతాయి. అందుకే ఇంధనం తయారీని ఒకసారి వరుసగా చూడటం మంచిది.

కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో ఖనిజం సున్నపుజాతి రాయిలో కలిసి ఉంటుంది. జార్ఖండ్‌లోని జాదుగూడలో 1960ల చివరి నుంచి చేస్తున్నట్టు ఆమ్లంతో కరిగించబోతే, ఈ రాయే ఆమ్లాన్ని ముందు తినేస్తుంది. అందువల్ల ఇక్కడ క్షార పద్ధతి ఎంచుకున్నారు. పొడిచేసిన రాయిని సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణంలో, ఎక్కువ ఒత్తిడిలో, వేడిమీద కరిగిస్తారు. చివరికి చేతికి వచ్చే పసుపుపచ్చని పదార్థం సోడియం డైయురనేట్. ఈ ఖనిజంలో యురేనియం ఆక్సైడు పాలు సుమారు 0.04 శాతం, అంటే టన్ను రాయికి 400 గ్రాములు. ఆక్సైడులోని ఆక్సిజన్ తీసేస్తే యురేనియం 340 గ్రాములు. తీతలో కొంత పోతుంది కాబట్టి నిజంగా చేతికందేది ఇంకా తక్కువ. మిగిలిన 999 కిలోలకు పైగా పిండి రాయి, దానితోపాటు రేడియం వంటి మూలకాలు, రసాయన లవణాలు వ్యర్థాల చెరువులోకి చేరతాయి. ఆ చుట్టుపక్కల రైతులు తమ బోర్ల నీటి గురించి చేసిన ఫిర్యాదులు తెలుగు పత్రికల్లో చాలాసార్లు వచ్చాయి. ఇంధనం లెక్క కట్టేవారు ఆ చెరువును లెక్కలోంచి తప్పించకూడదని నా అభిప్రాయం.

ఆ పసుపు పదార్థం హైదరాబాదులో ఈసీఐఎల్ సమీపాన ఉన్న అణు ఇంధన సముదాయానికి, అంటే ఎన్‌ఎఫ్‌సీకి చేరుతుంది. 1970ల మొదట్లో పని ప్రారంభించిన ఈ సంస్థలో దానిని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, కిరోసిన్ వంటి నూనెలో కలిపిన ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ అనే ద్రావణితో యురేనియాన్ని మాత్రం పైకి లాగుతారు. ఇక్కడి శుభ్రత రసాయన శాస్త్రంలో మామూలుగా చెప్పే శుభ్రత కంటే కఠినమైనది. బోరాన్, కాడ్మియం వంటి మూలకాలు అణుమాత్రం మిగిలినా న్యూట్రాన్లను మింగేస్తాయి. తరువాత అమోనియాతో అవక్షేపం చేసి, దానిని కాల్చి, హైడ్రోజన్‌తో క్షయకరించి యురేనియం డయాక్సైడు పొడి తయారుచేస్తారు.

ఆ పొడిని అచ్చుల్లో నొక్కి, హైడ్రోజన్ వాతావరణంలో 1,700 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కాలిస్తే పెల్లెట్లు వస్తాయి. కుమ్మరి ఆవంలోంచి పచ్చి కుండ గట్టిపడి వచ్చినట్టే ఇవీ కుదించుకుని, నల్లగా, బరువుగా బయటికి వస్తాయి. చూపుడువేలి చివరి కణుపు అంత ఉండే పెల్లెట్ ఘనసెంటీమీటరుకు పదిన్నర గ్రాముల పైచిలుకు సాంద్రతతో సీసానికి దగ్గరగా తూగుతుంది. లోహ యురేనియం వాడకుండా ఈ పింగాణీ రూపం వాడటానికి కారణాలున్నాయి. లోహం 1,132 డిగ్రీలకే కరుగుతుంది, వేడి నీటితో చర్య జరుపుతుంది. డయాక్సైడు 2,800 డిగ్రీలు దాటితే గానీ కరగదు.

పెల్లెట్లను జర్కలాయ్ గొట్టాల్లో వరుసగా పేర్చి, హీలియం నింపి, రెండు చివరలా మూతలు వెల్డింగ్ చేస్తారు. జర్కలాయ్ అంటే జర్కోనియం ప్రధానంగా ఉండే మిశ్రమలోహం. జర్కోనియం న్యూట్రాన్లను దాదాపు ముట్టదు, కానీ ప్రకృతిలో దానితో కలిసే ఉండే హాఫ్నియం వాటిని విపరీతంగా మింగుతుంది. ఈ రెండు కవల మూలకాలను విడదీయడం ఇంధన తయారీలోని కష్టమైన పనుల్లో ఒకటి. సముద్రతీరపు ఇసుకలో దొరికే జర్కాన్ దీనికి ముడిసరుకు. అలాంటి గొట్టాలు 19 కలిపి, మధ్య ఒకటి, దాని చుట్టూ ఆరు, ఆ చుట్టూ పన్నెండుగా అమర్చి, రెండు వైపులా పలకలకు వెల్డింగ్ చేస్తే ఒక బండిల్ అవుతుంది. దాని పొడవు అర మీటరుకు కాస్త తక్కువ, 495 మిల్లీమీటర్లు. వెడల్పు 8 సెంటీమీటర్ల పైచిలుకు. రెండు చేతులతో ఎత్తుకోగల వస్తువు. 540, 700 మెగావాట్ల రియాక్టర్లలో గొట్టాలు 37 ఉండే పెద్ద బండిల్ వాడతారు.

ఇక బరువు. 19 గొట్టాల బండిల్ మొత్తం బరువు సుమారు 16.5 కిలోలు. అందులో యురేనియం డయాక్సైడు 15.2 కిలోలు. ఆక్సిజన్ తీసేసి వట్టి యురేనియం లెక్కిస్తే, 15.2ను 238తో హెచ్చవేసి 270తో భాగించండి, 13.4 కిలోలు వస్తుంది. రియాక్టరు లెక్కల్లో వాడవలసింది ఈ 13.4. చాలా వ్యాసాల్లో తప్పు జరిగేది ఈ మూడు బరువుల్లో దేనిని పడితే దానిని వాడటం వల్లే.

కొత్త బండిల్‌ను గ్లవుజులు తొడుక్కుని పట్టుకోవచ్చు. సహజ యురేనియం నుంచి వచ్చే రేడియో ధార్మికత అంత తక్కువ. అదే బండిల్ రియాక్టరులోంచి తిరిగి వచ్చాక దాని దగ్గర అడ్డు లేకుండా కొద్దిసేపు నిలబడినా ప్రాణం మీదికి వస్తుంది.

ఒక రోజు లెక్క

220 మెగావాట్లంటే కేంద్రం తయారుచేసే విద్యుత్తు. రియాక్టరులో పుట్టే వేడి దాదాపు 756 మెగావాట్లు. వేడిలో 29 శాతం విద్యుత్తుగా మారుతుంది, మిగిలినది నీటితో, గాలితో పోతుంది. ఇంధనం లెక్క ఎప్పుడూ వేడితోనే కట్టాలి, విద్యుత్తుతో కట్టకూడదు. ఇది మరచిపోతే జవాబు మూడు రెట్లకు పైగా తప్పుతుంది.

ఇప్పుడు కావలసిన ఇంకో అంకె, ఇంధనాన్ని ఎంతవరకు వాడుకుని బయటికి తీస్తారన్నది. దీనిని ఇంగ్లీషు మాటతోనే బర్నప్ అంటారు. మన 220 మెగావాట్ల రియాక్టర్లలో ఇది టన్ను యురేనియంకు సుమారు 7,000 మెగావాట్-రోజులు, కిలోకు 7. ఇక భాగహారమే మిగిలింది. రోజుకు 756 మెగావాట్-రోజుల వేడి కావాలి, కిలోకు 7 వస్తుంది, కాబట్టి రోజుకు 108 కిలోల యురేనియం. బండిల్‌కు 13.4 కిలోల చొప్పున రోజుకు ఎనిమిది బండిళ్లు.

ఈ ఎనిమిది అన్న అంకె కాగితం మీద పుట్టినదే అయినా రియాక్టరులో దాని ఆనవాలు కళ్లకు కనబడుతుంది. 220 మెగావాట్ల రియాక్టరులో అడ్డంగా పడుకోబెట్టిన 306 గొట్టపు మార్గాలుంటాయి, ఒక్కొక్క దానిలో 12 బండిళ్లు వరుసగా కూర్చుంటాయి. పూర్తి శక్తితో నడుస్తుండగానే రెండు యంత్రాలు ఒక మార్గానికి రెండు చివరలా వచ్చి బిగుసుకుంటాయి, లోపలి ఒత్తిడితో సమానం చేసుకుని మూతలు తీస్తాయి. ఒక యంత్రం ఎనిమిది కొత్త బండిళ్లను లోపలికి తోస్తే, అవతలి చివర ఎనిమిది వాడినవి రెండో యంత్రంలోకి జారుతాయి. తిరిగి మూతలు పడతాయి. సగటున రోజుకు ఒక మార్గంలో ఈ పని జరుగుతుంది, రియాక్టరును ఆపవలసిన అవసరం రాదు. మొత్తం 3,672 బండిళ్లను ఎనిమిదితో భాగిస్తే 459 వస్తుంది. పూర్తి శక్తితో నడిస్తే ఒక బండిల్ సగటున పదిహేను నెలలు లోపల ఉంటుందన్నమాట.

బొగ్గుతో అసలైన పోలిక ఇప్పుడు చేయండి. 220 మెగావాట్ల కేంద్రం రోజంతా నడిస్తే 52.8 లక్షల యూనిట్లు. యూనిట్‌కు 0.7 కిలోల బొగ్గు చొప్పున దాదాపు 3,700 టన్నులు, అంటే ఇంచుమించు ఒక నిండు గూడ్సు రైలు. ఇటువైపు 108 కిలోలు, ఆటోలో పట్టేంత. కానీ వెనక్కి వెళ్లి చూస్తే ఆ 108 కిలోల కోసం తుమ్మలపల్లె వంటి గనిలో కనీసం 318 టన్నుల రాయి తవ్వాలి, తీతలో పోయేది కలిపితే ఇంకా ఎక్కువ. ఈ రెండో అంకె చెప్పకుండా మొదటిదే చెప్పడం సగం నిజం చెప్పడం.

ఇంటి బిల్లు లెక్కలో చెప్పాలంటే, కిలో సహజ యురేనియం 7 మెగావాట్-రోజుల వేడి ఇస్తుంది, అది 168 మెగావాట్-గంటలు, అందులో 29 శాతం సుమారు 49,000 యూనిట్లు. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి ఇరవై ఏళ్లు వస్తుంది.

లెక్క కలవని చోటు

ఇక్కడిదాకా వచ్చినవారు ఒక పరీక్ష చేయాలి. ఈ పద్ధతి మొత్తంలో నాకు అత్యంత ఇష్టమైన ఘట్టం ఇదే, విద్యార్థుల చేత తప్పకుండా చేయించదగినదీ ఇదే.

కిలో సహజ యురేనియంలో 7.1 గ్రాముల 235 ఉంది. ఒక్క పరమాణువు కూడా మిగలకుండా అదంతా చీలిపోయినా వచ్చేది 7.1 × 0.95, అంటే 6.7 మెగావాట్-రోజులు. మనం తీస్తున్నది 7. పైగా బయటికి వచ్చిన ఇంధనాన్ని విశ్లేషిస్తే అందులో కిలోకు ఇంకా రెండు గ్రాముల పైచిలుకు 235 మిగిలే ఉంటుంది. వేసిన దానికంటే ఎక్కువ వచ్చింది, వేసినది కొంత మిగిలింది కూడా. లెక్కలో ఎక్కడ పొరపాటు జరిగిందని వెతికితే పొరపాటు ఎక్కడా లేదు. మనం లెక్కలోకి తీసుకోని ఇంధనం ఒకటి లోపల తయారైంది.

యురేనియం-238 న్యూట్రానును మింగితే యురేనియం-239 అవుతుంది. దాని అర్ధాయువు 23 నిమిషాల పైచిలుకు. అది నెప్ట్యూనియం-239గా మారుతుంది, అది మరో రెండున్నర రోజుల లోపు అర్ధాయువుతో ప్లుటోనియం-239గా మారుతుంది. ఈ ప్లుటోనియం 235 లాగే చీలుతుంది. అంటే పొయ్యిలో పెట్టిన కట్టెల్లో కాలనివి కూడా సెగకు కాలే కట్టెలుగా మారుతున్నాయన్నమాట.

ఎంత మారిందో కూడా తేల్చవచ్చు. కిలోలో 7.1 గ్రాముల్లో 2.2 మిగిలాయనుకుంటే పోయినది 4.9 గ్రాములు. న్యూట్రాను తగిలిన 235 పరమాణువుల్లో ఆరింట ఒకటికి కాస్త తక్కువ చీలకుండా యురేనియం-236గా మిగిలిపోతాయి, కాబట్టి నిజంగా చీలినవి 4.2 గ్రాములు, వాటి వేడి 4 మెగావాట్-రోజులు. మిగిలిన 3 మెగావాట్-రోజులు ఎక్కువ భాగం ప్లుటోనియం నుంచి, కొద్ది భాగం వేగంగా కదిలే న్యూట్రాన్లకు నేరుగా చీలిన 238 నుంచి వచ్చినవి. కర్ణాటకలోని కైగాలోనో గుజరాత్‌లోని కాక్రాపార్‌లోనో తయారైన ప్రతి ఐదు యూనిట్ల విద్యుత్తులో దాదాపు రెండు, గనిలో అసలు లేని సరుకు నుంచి వచ్చాయన్నమాట. ఇంత జరిగినా బయటికి వచ్చిన కిలో ఇంధనంలో ఇంకా సుమారు మూడున్నర గ్రాముల ప్లుటోనియం ఉంటుంది. వాడిన ఇంధనాన్ని మన దేశం చెత్తగా చూడకపోవడానికి కారణం ఆ మూడున్నర గ్రాములే.

వాడిన బండిళ్లను ముందుగా నీటి కొలనులో ఏళ్ల తరబడి చల్లారుస్తారు. రియాక్టరు ఆపిన క్షణంలో కూడా లోపలి వేడి పూర్తి శక్తిలో 6 శాతం పైగా ఉంటుంది, చీలిన ముక్కలు రేడియో ధార్మికతతో వేడి ఇస్తూనే ఉంటాయి. తరువాత తారాపూర్, కల్పాక్కం వంటి చోట్ల నైట్రిక్ ఆమ్లంలో కరిగించి ప్లుటోనియాన్ని, యురేనియాన్ని వేరుచేస్తారు. ఆ ప్లుటోనియం ఆక్సైడును యురేనియం ఆక్సైడుతో కలిపి చేసిన ఇంధనమే కల్పాక్కంలోని 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరుకు, అంటే వాడే ఇంధనం కంటే ఎక్కువ కొత్త ఇంధనం తయారుచేసే రకం రియాక్టరుకు, ఉద్దేశించినది. దాని గర్భంలో (కోర్‌లో) సామగ్రి అమర్చే పని 2024 మార్చిలో మొదలైంది.

సాంద్రీకరించిన ఇంధనానికి ఇదే లెక్క మార్చుకోవడం

కూడంకుళంలోని రష్యన్ రియాక్టర్లు, తారాపూర్‌లో 1969లో మొదలైన తొలి రెండు రియాక్టర్లు మామూలు నీటితో పనిచేస్తాయి, వాటికి సాంద్రీకరించిన యురేనియం కావాలి. వీటి లెక్కకు ఒక సూత్రం అదనంగా తెలుసుకోవాలి. ఇంధనంలో కావలసిన 235 శాతంలోంచి, సాంద్రీకరణ తరువాత వదిలేసే యురేనియంలో మిగిలిపోయే 235 శాతాన్ని తీసేయండి. సహజ శాతం 0.711లోంచి కూడా అదే మిగులు శాతాన్ని తీసేయండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 4 శాతం ఇంధనానికి, మిగులు 0.25 శాతమైతే, 3.75ను 0.461తో భాగిస్తే 8.1 వస్తుంది. అంటే కిలో ఇంధనానికి 8 కిలోల పైగా సహజ యురేనియం ఖర్చవుతుంది.

అలాంటి ఇంధనం టన్నుకు 45,000 మెగావాట్-రోజులు ఇస్తుందనుకుందాం. కిలోకు 45 అంటే భారజల రియాక్టరులోని 7 కంటే ఎంతో గొప్పగా కనబడుతుంది, ప్రచార వ్యాసాల్లో రాసేదీ ఈ అంకెనే. కానీ 45ను 8.1తో భాగించండి. తవ్విన కిలో యురేనియంకు వచ్చేది 5.5 మాత్రమే. కూడంకుళం రకం రియాక్టరు వేడిలో మూడో వంతును విద్యుత్తుగా మారుస్తుంది, మనది 29 శాతమే మారుస్తుంది. ఆ తేడా లెక్కగట్టినా తవ్విన యురేనియం నుంచి ఎక్కువ విద్యుత్తు తీసేది భారజల రియాక్టరే. యురేనియం తక్కువగా ఉన్న దేశం ఈ దారి ఎందుకు ఎంచుకుందో ఈ ఒక్క భాగహారం చెబుతుంది. దీనికి మూల్యం కూడా ఉంది. భారజలం ఖరీదైనది, వాడిన ఇంధనం ఎక్కువ పరిమాణంలో పోగుపడుతుంది.

థోరియం వార్త చదివేటప్పుడు

ఆంధ్ర తీరపు ఇసుకలో ఉన్న మొనజైట్ గురించి, దానిలోని థోరియంతో వందల ఏళ్లు కరెంటు వస్తుందని తరచుగా చదువుతుంటాం. దేశంలో మొనజైట్ నిల్వలు ఎక్కువగా ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అన్నది నిజం. ఆ ఖనిజంలో పది శాతానికి కాస్త తక్కువగా థోరియం ఆక్సైడు ఉండటమూ నిజమే. అయితే ఇక్కడ ఒక ప్రశ్న వేయండి: న్యూట్రాను తగిలితే ఇది తనంతట తానుగా చీలుతుందా? థోరియం-232 అలా గొలుసు చర్యను నడపలేదు. న్యూట్రానును మింగి, ప్రొటాక్టీనియం-233గా మారి, 27 రోజుల అర్ధాయువుతో యురేనియం-233 అయ్యాకే అది ఇంధనం. ఆ మొదటి న్యూట్రాన్లు ఇవ్వడానికి 235 గానీ ప్లుటోనియం గానీ ముందుగా చేతిలో ఉండాలి. కల్పాక్కంలో 1996 నుంచి యురేనియం-233తో నడుస్తున్న కామిని రియాక్టరు సామర్థ్యం 30 కిలోవాట్లు, అదీ పరిశోధన కోసం. కాబట్టి థోరియం వార్తలో మొదటి న్యూట్రాన్లు ఎక్కడి నుంచి వస్తాయో రాయకపోతే ఆ వార్త అసంపూర్ణమని గుర్తించండి.

నిజమైన వార్తతో సరిచూసుకోవడం

కర్ణాటకలోని కైగా మొదటి యూనిట్, 220 మెగావాట్లది, ఒక్కసారి కూడా ఆగకుండా 962 రోజులు నడిచి 2018 డిసెంబర్ 31న ఆగింది. అప్పటికి అది ప్రపంచ రికార్డు. ఆ తరువాత 2020లో కెనడాలోని డార్లింగ్టన్ దానిని దాటింది, అదీ భారజల రియాక్టరే. ఇంధనం మార్చడానికి ఆపనక్కర్లేని రకం కాబట్టే ఇన్నాళ్లు నడవగలిగింది.

కాగితం తీసుకోండి. 220 మెగావాట్లను 24 గంటలతో, 962 రోజులతో హెచ్చవేస్తే సుమారు 508 కోట్ల యూనిట్లు. అది పూర్తి శక్తితో నడిస్తే వచ్చే గరిష్ఠం కాబట్టి 500 కోట్లుగా తీసుకుందాం. కిలోకు 49,000 యూనిట్లతో భాగిస్తే 102 టన్నుల యురేనియం. 13.4 కిలోలతో భాగిస్తే దాదాపు 7,600 బండిళ్లు. రియాక్టరులో ఒకేసారి పట్టేవి 3,672, అంటే ఆగకుండా నడుస్తూనే కడుపులోని ఇంధనాన్ని రెండుసార్లు పూర్తిగా మార్చుకుంది. 7,600ను 962 రోజులతో భాగించండి. 7.9 వస్తుంది, రోజుకు ఎనిమిది బండిళ్లన్న పాత జవాబుతో ఇది కలిసింది. మీకు ఎనభై వచ్చిందంటే టన్నులను కిలోల్లోకి మార్చడంలో ఒక సున్నా ఎక్కువ పడింది. రెండుంబావు వచ్చిందంటే ఇంధనం ఇచ్చే వేడిని విద్యుత్తుగా మార్చే దగ్గర 29 శాతం వేయడం మరచిపోయారు, అక్కడి నుంచి మళ్లీ కట్టండి.